హ్యూస్టన్‌లో ఇల్లు కొంటున్నారా? పక్క జాగాలో ఏం కట్టొచ్చో ముందే తేల్చుకోవడం ఎలా

"హ్యూస్టన్‌లో జోనింగే లేదట కదా! రేపు మా ఇంటి వెనక గ్యాస్ స్టేషన్ పెడితే ఏం చేయాలి?" అక్కడ ఇల్లు చూస్తున్న కుటుంబాలన్నీ దాదాపు ఇదే అడుగుతాయి. జోనింగ్ అంటే ఏ జాగాలో ఏం కట్టొచ్చో నగరమే నిర్ణయించే పద్ధతి. అది అక్కడ లేని మాట నిజమే. హ్యూస్టన్ ఓటర్లు 1948, 1962, 1993లో మూడుసార్లు దాన్ని కాదన్నారు. నగర చార్టర్ ప్రకారం ఇప్పుడు జోనింగ్ తేవాలంటే ముసాయిదా ప్రకటించి, ఆరు నెలలు చర్చకు ఉంచి, ఆ తర్వాత ఎన్నికల్లో ఓటుకు పెట్టి నెగ్గాలి.

అలాగని అడిగేవాడు లేడనుకోకండి. నియమాలు చాలానే ఉన్నాయి. అన్నీ ఒకేచోట దొరకవు, అంతే. హైదరాబాద్‌లో అయితే మాస్టర్ ప్లాన్ మ్యాపులో సర్వే నంబరు ఏ రంగులో పడిందో చూస్తాం, కాకపోతే ల్యాండ్ యూజ్ మార్పిడికి అర్జీ పెడతాం. హ్యూస్టన్‌లో ఆ రంగుల మ్యాపు లేదు. ఏ ప్లాటు కట్టుబాటు ఆ ప్లాటు కాగితాల్లోనే ఉంటుంది. ఆ కాగితాలు సబ్‌డివిజన్ (లేఅవుట్ కాలనీ) హద్దు దాకానే పనిచేస్తాయి. కంచె అవతల ఏం రావచ్చో అవతలివాళ్ల కాగితాలు చెప్పాలి. చాలామంది తమవి చదివి, "సింగిల్ ఫ్యామిలీ అని రాసుంది, ఇంకేం" అని అక్కడితో ఆపేస్తారు. కింద చెప్పే పని కంచెకు రెండు వైపులా చేయాలి.

ఇది హారిస్ కౌంటీని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఫోర్ట్ బెండ్, బ్రజోరియా, మాంట్‌గోమరీ కౌంటీల్లో అడుగులు ఇవే, వెళ్లాల్సిన ఆఫీసులు వేరు.

ముందుగా దగ్గర ఉంచుకోవాల్సినవి

- కొనబోయే ఇంటి అడ్రసు, దానికి ఆనుకుని ఉన్న ప్రతి స్థలం అడ్రసు. వెనక పెద్ద రోడ్డు ఉంటే ఆ రోడ్డు వైపు ఖాళీ జాగాలు కూడా.
- అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటు. హారిస్ కౌంటీకి హెచ్‌క్యాడ్.
- కౌంటీ క్లర్క్ రియల్ ప్రాపర్టీ రికార్డుల వెతుకులాట పేజీ.
- హ్యూస్టన్ నగర ప్లానింగ్ విభాగం మ్యాప్ వ్యూయర్, ప్లాట్ ట్రాకర్ (లేఅవుట్ అర్జీలు చూపే పేజీ).
- ఒప్పందం అయ్యాక టైటిల్ కంపెనీ పంపే టైటిల్ కమిట్‌మెంట్ (టైటిల్ బీమాకు ముందు ఇచ్చే పత్రం), సర్వే కాపీ.
- హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్ల రీసేల్ సర్టిఫికెట్ (ఆ ఇంటి మీద సంఘం బాకీలు, వివరాలు చెప్పే పత్రం). దీనికి టెక్సస్ చట్టం ప్రకారం 375 డాలర్లకు మించి అడగకూడదు.

రెండు సాయంత్రాలు కూర్చుంటే ఈ పని అయిపోతుంది. ఆఫర్ పెట్టకముందే మొదలుపెట్టండి. టైటిల్ కాగితాలు, రీసేల్ సర్టిఫికెట్ తప్ప మిగతావన్నీ ఎవరైనా చూడగలిగే రికార్డులే.

అడుగు 1: ఆ స్థలం ఏ నగర పరిధిలో ఉందో తేల్చండి

పోస్టల్ అడ్రసును నమ్మొద్దు. "కేటీ" అని అడ్రసున్న ఇళ్లలో ఎక్కువ భాగం కేటీ నగరంలో లేవు. సైప్రస్ అనే నగరమే లేదు, అది ఏ నగరంలోనూ చేరని ప్రాంతం. "హ్యూస్టన్" అని ఉత్తరాలు వచ్చే ఇల్లు కూడా నగరం బయట ఉండొచ్చు.

హెచ్‌క్యాడ్‌లో అడ్రసు కొట్టి, పన్ను వసూలు చేసే సంస్థల జాబితా చూడండి. అందులో "సిటీ ఆఫ్ హ్యూస్టన్" ఉంటే నగరంలో ఉన్నట్టు. నగరం పేరు లేకుండా కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, మడ్ (నీళ్లు, మురుగు సదుపాయాలు చూసే స్థానిక సంస్థ) మాత్రమే ఉంటే నగరం బయట ఉన్నట్టు. బెల్లెయిర్, వెస్ట్ యూనివర్సిటీ ప్లేస్, షుగర్ ల్యాండ్, పియర్‌ల్యాండ్ లాంటి పేరు కనిపిస్తే అక్కడ జోనింగ్ ఉంది. మొదటి రెండూ చుట్టూ హ్యూస్టన్ ఉన్న చిన్న నగరాలు కాబట్టి, రోడ్డు దాటితే చట్టమే మారిపోతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. శివార్లలో పెద్ద రోడ్ల వెంబడి కొన్ని వాణిజ్య స్థలాలను హ్యూస్టన్ "లిమిటెడ్ పర్పస్" కింద (అంటే కొన్ని పనులకే పరిమితంగా) కలుపుకుంది. మ్యాపులో అవి సన్నటి పట్టీల్లా నగరం రంగులో కనిపిస్తాయి. వాటి వెనకున్న ఇళ్లు మాత్రం నగరంలో లేవు. మ్యాపు రంగు చూసి తేల్చేయకుండా పన్నుల జాబితాతో సరిచూడండి.

ఏ నగరంలోనూ లేని చోట మీకు మరింత జాగ్రత్త కావాలి. టెక్సస్‌లో కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారం లేదు. ప్లాటింగ్, డ్రైనేజీ, వరద నియమాలు, సెప్టిక్ దాకానే వాటి చేయి చాపు. అంటే డీడ్ రిస్ట్రిక్షన్లు (స్థలం వాడకానికి హద్దులు పెడుతూ రికార్డైన ప్రైవేటు కట్టుబాట్లు) లేని ఖాళీ జాగా మీ పక్కన ఉంటే దాని వాడకాన్ని ఆపే కాగితం దాదాపు ఏదీ ఉండదు.

అడుగు 2: లీగల్ డిస్క్రిప్షన్ రాసుకోండి

హెచ్‌క్యాడ్ పేజీలోనే ఇది ఉంటుంది. రెండు రకాలుగా కనిపిస్తుంది.

"లాట్ 14, బ్లాక్ 3, ఫలానా సబ్‌డివిజన్, సెక్షన్ 2" అని ఉంటే ప్లాటు రికార్డైన లేఅవుట్‌లో ఉంది. డీడ్ రిస్ట్రిక్షన్లు ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో సెక్షన్ నంబరు ప్రాణం లాంటిది. సెక్షన్ 1కీ సెక్షన్ 2కీ వేర్వేరు డాక్యుమెంట్లు ఉండొచ్చు. ఒకదానికి గడువు తీరిపోయి, రెండోది ఇంకా నడుస్తూ ఉండొచ్చు. "రీప్లాట్", "పార్షియల్ రీప్లాట్" అని ఉంటే లేఅవుట్‌ను మళ్లీ గీశారన్నమాట, పాత లేఅవుట్ డ్రాయింగు కూడా తీయాలి.

"ట్రాక్ట్ 12ఎ, అబ్‌స్ట్రాక్ట్ ఇన్ని" అని ఉంటే అది లేఅవుట్‌లో చేరని ఎకరాల భూమి. మీ కంచె అవతలి జాగాకు ఇలాంటి డిస్క్రిప్షన్ కనబడితే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. దానికి కట్టుబాట్లు లేకపోయే అవకాశమే ఎక్కువ.

అడుగు 3: ప్లాట్, డీడ్ రిస్ట్రిక్షన్లు తీయండి

కౌంటీ క్లర్క్ రికార్డుల్లో సబ్‌డివిజన్ పేరు, సెక్షన్ పెట్టి వెతికితే ప్లాట్ (అంటే రికార్డైన లేఅవుట్ డ్రాయింగు) దొరుకుతుంది. డీడ్ రిస్ట్రిక్షన్ల కోసం అదే పేరుతో పాటు మొదట లేఅవుట్ వేసిన డెవలపర్ పేరుతోనూ, హెచ్‌ఓఏ పేరుతోనూ విడివిడిగా వెతకాలి. 1950ల నాటి కాలనీకి 1950ల్లో రాసిన అసలు డాక్యుమెంటు, తర్వాతి సవరణలు, గడువు పొడిగింపులు వేర్వేరు పేర్లతో రికార్డై ఉంటాయి.

ఒప్పందం కుదిరాక ఇంకో దారి దొరుకుతుంది. టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి తెరవండి. మొదటి అంశమే రిస్ట్రిక్టివ్ కవనెంట్లు, అంటే ఈ డీడ్ రిస్ట్రిక్షన్లే. వాటి రికార్డు నంబర్లన్నీ అక్కడ వరసగా ఉంటాయి. నంబర్లు చూసి సరిపెట్టుకోకండి, ఆ డాక్యుమెంట్ల కాపీలు పంపమని టైటిల్ కంపెనీని అడగండి. మీరు తీసినవాటికీ ఆ జాబితాకూ తేడా వస్తే ఏదో ఒకవైపు సవరణ తప్పిపోయినట్టే.

అడుగు 4: డాక్యుమెంట్‌లో ఈ అయిదూ వెతకండి

ముప్పై, నలభై పేజీలుంటాయి. అన్నీ చదివితే మంచిదే, కాని ఈ అయిదింటికీ జవాబు దొరక్కుండా మూసేయొద్దు.

*ఏ స్థలాలకు వర్తిస్తుంది?* మొదటి పేజీలో ఉంటుంది. "బ్లాక్ 1లో లాట్ 1 నుంచి 6 మినహా" లాంటి మినహాయింపులు అక్కడే నక్కి ఉంటాయి. ఆ ఆరూ పెద్ద రోడ్డు మీది ప్లాట్లై ఉంటాయి.

*వాడకం ఏమిటి?* "రెసిడెన్షియల్ పర్పసెస్ ఓన్లీ", "సింగిల్ ఫ్యామిలీ రెసిడెన్షియల్" ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని ఎంతవరకు సాగదీయొచ్చో 2018లో టెక్సస్ సుప్రీంకోర్టు టార్ వర్సెస్ టింబర్‌వుడ్ పార్క్ కేసులో చూపించింది. శాన్ ఆంటోనియోలో ఒక యజమాని ఇంటిని రోజుల లెక్కన అద్దెకిస్తే హెచ్‌ఓఏ ఆపబోయింది. "రెసిడెన్షియల్" అన్న మాట ఒక్కటే ఉంటే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి తాత్కాలిక అద్దెలను ఆపలేరని కోర్టు తేల్చింది. పక్కింట్లో వారానికో కొత్త కుటుంబం దిగకూడదనుకుంటే, కనీసం ఇన్ని రోజులకు తక్కువ అద్దెకివ్వరాదని డాక్యుమెంట్‌లో విడిగా రాసి ఉందో లేదో చూడండి.

*గడువు ఎప్పటివరకు?* చాలావాటిలో మొదటి 25 ఏళ్లో 30 ఏళ్లో, ఆ తర్వాత మెజారిటీ యజమానులు వద్దని రాసివ్వకపోతే పదేళ్ల చొప్పున దానంతటదే పొడిగింపు అని ఉంటుంది. పాతవాటిలో కొన్నింటికి పొడిగింపు మాటే ఉండదు. ఫలానా తేదీతో సరి. గడువు తీరి ఎవరూ పునరుద్ధరించకపోతే ఆ కట్టుబాటు పోయినట్టే. దగ్గర కాలిక్యులేటర్ పెట్టుకుని రికార్డు తేదీ నుంచి కూడండి.

*ప్లాటును విడగొట్టొచ్చా?* విడగొట్టకూడదనో, కనీస విస్తీర్ణం ఇంతనో లేకపోతే పక్కనున్న పాత ఇల్లు కూల్చి మూడు టౌన్‌హోములు లేపొచ్చు. ఎలాగో అడుగు 6లో చూడండి.

*అమలు చేసేదెవరు?* హెచ్‌ఓఏ ఉందా, దానికి దావా వేసే అధికారం ఉందా, లేక ఏ యజమాని అయినా వేయొచ్చా? కొన్ని పాత కాలనీల్లో హెచ్‌ఓఏ లేదు, స్వచ్ఛందంగా చందా కట్టే సివిక్ క్లబ్ మాత్రమే ఉంటుంది.

1948కి ముందు రాసిన డాక్యుమెంట్లలో ఫలానా జాతివాళ్లు ఇక్కడ ఉండకూడదన్న వాక్యాలు కనిపిస్తే గుండె ఆగినంత పని అవుతుంది. వాటికి విలువ లేదు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వాటిని కోర్టులు అమలు చేయకూడదంది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం అలాంటి వివక్షనే నిషేధించింది. అదే డాక్యుమెంట్‌లోని మిగతా నిబంధనలు మాత్రం బతికే ఉండొచ్చు, కాబట్టి చిరాకుతో మూసేయకుండా చదవండి.

ఇంట్లో మీరు చేయాలనుకునే పనులు కూడా ఇక్కడే సరిచూసుకోండి. గ్యారేజీలో కూచిపూడి క్లాసులు, ఇంటి నుంచి కేటరింగ్, ట్యూషన్లు, డే కేర్ అన్నీ "నో ట్రేడ్ ఆర్ బిజినెస్" అన్న వాక్యానికి తగిలేవే. గుమ్మానికి తోరణం గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. మత విశ్వాసంతో పెట్టుకునే వస్తువులను హెచ్‌ఓఏ నిషేధించకుండా టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.018 సెక్షన్ కాపాడుతుంది. 2021 సవరణకు ముందు అది తలుపుకు, గుమ్మానికే పరిమితం, ఇప్పుడు ఇంటి ఆవరణకూ వర్తిస్తుంది. అయితే బిల్డింగ్ లైను (కట్టడం దాటకూడని గీత) దాటి మంటపం కట్టడం ఆ రక్షణలోకి రాదు.

అడుగు 5: కంచె అవతలి జాగాకు ఇదంతా మళ్లీ చేయండి

అసలు పని ఇదే. ఆనుకున్న ప్రతి స్థలానికీ అడుగు 1 నుంచి 4 దాకా మళ్లీ చేయాలి.

మీ సబ్‌డివిజన్ ప్లాట్ డ్రాయింగ్‌లోనే ముందు "రిజర్వ్" అన్న మాట కోసం వెతకండి. ఇళ్ల ప్లాట్లు కాని ముక్కలను "రిజర్వ్ ఎ", "రిజర్వ్ బి" అని గుర్తిస్తారు. "రిస్ట్రిక్టెడ్ రిజర్వ్" అని ఉండి కింద "ల్యాండ్‌స్కేప్, డ్రైనేజీ, రిక్రియేషన్‌కు మాత్రమే" అని ఉంటే ఆ వాడకానికే కట్టుబడాలి. "అన్‌రిస్ట్రిక్టెడ్ రిజర్వ్" అని ఉంటే ఆ ప్లాట్ దాన్ని దేనికీ కట్టేయలేదన్నమాట. సేల్స్ ఆఫీసులో బొమ్మ మీద ఆకుపచ్చగా కనిపించే మూల స్థలం రికార్డు ప్లాట్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ రిజర్వ్‌గా తేలడం కొత్త కమ్యూనిటీల్లో మామూలే. రేపు అక్కడ కార్ వాష్ వచ్చినా, స్ట్రిప్ మాల్ వచ్చినా "పార్కు అన్నారు కదా" అంటే చెల్లదు. బ్రోషర్‌ను పక్కన పెట్టి రికార్డు ప్లాటే చూడండి.

డబ్బూ పలుకుబడీ ఉన్న కాలనీలు కూడా ఈ గీత దగ్గర ఎలా ఆగిపోతాయో ఆష్‌బీ హైరైజ్ వ్యవహారం చెబుతుంది. రైస్ యూనివర్సిటీ దగ్గర 1717 బిసొనెట్ వీధి అడ్రసులో 2007లో 23 అంతస్తుల టవర్ ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల కాలనీలకు గట్టి డీడ్ రిస్ట్రిక్షన్లు ఉన్నాయి. ఆ ఒక్క జాగాలో పాత అపార్ట్‌మెంట్లుండేవి, టవర్‌ను ఆపే కట్టుబాటు దానికి లేదు. ఊరంతా పసుపు బోర్డులు పెట్టారు, దావా వేశారు. 2014లో జడ్జి నిర్మాణాన్ని ఆపనన్నారు. నష్టపరిహారం మాత్రం ఇప్పించారు. 2016లో అప్పీలు కోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ టవర్ రాలేదు గాని, చివరికి అదే జాగాలో మరో సంస్థ 20 అంతస్తుల భవనం కట్టింది. మీరు చూస్తున్న ఇంటి పక్కన పాత అపార్ట్‌మెంట్లో, మూతబడ్డ చర్చో, నర్సరీయో ఉంటే ఇప్పుడున్నది ఎప్పటికీ ఉంటుందని లెక్క వేసుకోకండి.

అడుగు 6: నగర ఆర్డినెన్సులు ఏం ఆపుతాయి, ఏం ఆపవు

హ్యూస్టన్ నగరంలో ఉంటేనే ఈ అడుగు. ఈ ఆర్డినెన్సులు స్థలంలో "ఏం పెట్టాలి" అన్నదాన్ని దాదాపు పట్టించుకోవు. "ఎలా కట్టాలి" అన్నదే చూస్తాయి.

నగర నియమావళిలో చాప్టర్ 42 ప్లాట్ల పరిమాణం, బిల్డింగ్ లైన్లు చూస్తుంది. 1999లో 610 లూప్ (నగరం నడిబొడ్డు చుట్టూ తిరిగే హైవే) లోపల ఇంటి ప్లాటు కనీస విస్తీర్ణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 3,500కు తగ్గించారు. తగినంత ఖాళీ స్థలం వదిలితే 1,400 దాకా పోవచ్చు. 2013లో దీన్ని లూప్ బయటకూ విస్తరించారు. పాత బంగళా జాగాలో మూడు సన్నటి మూడంతస్తుల ఇళ్లు లేవడానికి కారణం ఇదే. దీన్ని ఆపాలనుకునే వీధులవాళ్లు నగరానికి అర్జీ పెట్టుకుని "స్పెషల్ మినిమమ్ లాట్ సైజ్" తెచ్చుకుంటారు, అది 40 ఏళ్లు ఉంటుంది. మీ వీధికి ఉందో లేదో మ్యాప్ వ్యూయర్‌లో చూడండి. మీ వీధికి ఉండి వెనక వీధికి లేకపోతే మీ పెరట్లోకి చూసే మూడో అంతస్తు కిటికీలు వెనక వీధి నుంచి వస్తాయి.

చాప్టర్ 19 వరద నియమాలు. హార్వే తుపాను తర్వాత 2018 సెప్టెంబర్ 1 నుంచి 100 ఏళ్ల, 500 ఏళ్ల వరద ప్రాంతాలు రెండింటిలోనూ కొత్త ఇంటి కింది అంతస్తు 500 ఏళ్ల వరద మట్టం కంటే 2 అడుగులు పైన ఉండాలి. కొనేవాళ్లు జారిపడేది ఇక్కడే: "తక్కువకు వస్తోంది, బాగు చేయించుకుందాం" అనుకుంటారు. వరద ప్రాంతంలో మరమ్మతు ఖర్చు ఇంటి కట్టడం మార్కెట్ విలువలో (భూమి విలువ కలపకుండా) 50 శాతానికి చేరితే కొత్త ఇంటి నియమాలే వర్తిస్తాయి. అంటే ఇల్లు పైకి లేపాలి. ఆ ఖర్చు తెలుసుకోకుండా ఆఫర్ పెట్టొద్దు.

చాప్టర్ 26 పార్కింగ్ లెక్కలు. డౌన్‌టౌన్‌కు ఎప్పటినుంచో మినహాయింపు ఉంది, 2019లో మిడ్‌టౌన్, ఈస్ట్ డౌన్‌టౌన్ భాగాలకూ ఇచ్చారు. అక్కడ కొంటే రెస్టారెంట్ కార్లు మీ వీధిలో ఆగుతాయి.

చారిత్రక జిల్లాల్లో (హైట్స్‌లోని కొన్ని భాగాల్లాంటివి) బయటి మార్పులకు సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్ (మార్పు ఆ జిల్లా తీరుకు తగినదేనన్న అనుమతి) తీసుకోవాలి. హాబీ, ఇంటర్‌కాంటినెంటల్, ఎలింగ్‌టన్ విమానాశ్రయాల చుట్టూ విడిగా నియమాలున్నాయి. అశ్లీల వ్యాపారాలు స్కూళ్లు, ప్రార్థనా స్థలాలు, పార్కులు, డే కేర్లకు 1,500 అడుగుల లోపు రాకూడదు.

గ్యాస్ స్టేషన్, కార్ల రిపేరు షెడ్డు, అపార్ట్‌మెంట్లు, గోడౌన్ మీ పక్కన రాకూడదని మాత్రం ఈ ఆర్డినెన్సుల్లో ఎక్కడా దొరకదు. ఆ పని డీడ్ రిస్ట్రిక్షన్లదే.

అడుగు 7: జోనింగ్ ఉన్న నగరమైతే

షుగర్ ల్యాండ్, పియర్‌ల్యాండ్, బెల్లెయిర్, వెస్ట్ యూ లాంటి చోట పని తేలిక. నగర జోనింగ్ మ్యాపులో స్థలం కోడ్ చూడండి, ఆ కోడ్‌కు యూజ్ టేబుల్‌లో ఏవి అనుమతి, ఏవి ప్రత్యేక అనుమతితో, ఏవి కుదరవో చూడండి. కోడ్ "పీడీ" అని ఉంటే టేబుల్ సరిపోదు. అది ప్లాన్డ్ డెవలప్‌మెంట్, దానికి విడిగా ఒక ఆర్డినెన్సు ఉంటుంది. సిటీ సెక్రటరీ నుంచి ఆ కాపీ తెప్పించుకోవాలి.

జోనింగ్ ఉందని డీడ్ రిస్ట్రిక్షన్లు చదవడం మానొద్దు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు, రెండూ పాటించాలి. పైగా కౌన్సిల్ ఓటుతో జోనింగ్ మారొచ్చు. మార్చబోయే స్థలానికి 200 అడుగుల లోపున్న యజమానులకు నోటీసు వస్తుంది. ఆ పరిధిలో 20 శాతం భూమి యజమానులు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. ఇళ్ల సంఖ్య పెంచే మార్పులకు మాత్రం 2025లో శాసనసభ ఆ హద్దును 60 శాతానికి పెంచింది. పాత 20 శాతం లెక్క నమ్ముకుని సంతకాలు ఆపేయకండి.

అడుగు 8: ఒప్పందంలో మీ హక్కు రాయించుకోండి

టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇంటి ఒప్పందం ఫారంలో 6ఎ పేరా చూడండి. సబ్‌డివిజన్ మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న కవనెంట్లను మీరు ముందే ఒప్పుకున్నట్టు ఉంటుంది. అంటే తర్వాత "ఈ రిస్ట్రిక్షన్ నాకు నచ్చలేదు" అని అభ్యంతరం పెట్టలేరు. దీనికి మందు 6డి పేరాలో ఉంది. "కింది వాడకాన్ని నిషేధించేవి" అన్న దగ్గర ఒక ఖాళీ గీత ఉంటుంది. చాలా ఒప్పందాల్లో అది ఖాళీగానే పోతుంది. ఇంట్లో డే కేర్ నడపాలన్నా, వెనక అత్తమామలకు చిన్న ఇల్లు కట్టాలన్నా, తాత్కాలిక అద్దెకు ఇవ్వాలన్నా అక్కడ రాయించండి. రాసి ఉంటేనే, అది కుదరదని తేలినప్పుడు అభ్యంతరం పెట్టే దారి ఉంటుంది. అభ్యంతరానికి ఎన్ని రోజులో అదే పేరాలో నింపాలి. కమిట్‌మెంట్, దానితోటి డాక్యుమెంట్లు, సర్వే అన్నీ చేతికందాక ఆ రోజులు లెక్కకొస్తాయి. మూడు రోజులు అని రాయిస్తే నలభై పేజీలు చదవలేరు.

హెచ్‌ఓఏ తప్పనిసరి సభ్యత్వం ఉన్నచోట దాని అడెండంలో (ఒప్పందానికి జతచేసే అనుబంధ పత్రంలో), సబ్‌డివిజన్ సమాచారం అందిన మూడు రోజుల్లోగా ఒప్పందం రద్దు చేసుకునే వీలు ఇచ్చే పెట్టె ఉంటుంది. ఏ పెట్టె టిక్ అయిందో సంతకానికి ముందే చూడండి.

కంచె అవతలి జాగా సంగతికి ఈ పేరాలేవీ పనికిరావు. అది ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకోగల గడువు) ముగిసేలోపే తేలాలి. తేలకపోతే పొడిగింపు అడగండి, లేదా తప్పుకోండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఒక కాగితం మీద మీ స్థలానికీ, ఆనుకున్న ప్రతి స్థలానికీ ఒక్కో వరస గీయండి. ప్రతి వరసలో అయిదు గళ్లు: ఏ నగర పరిధి, లీగల్ డిస్క్రిప్షన్, అనుమతించిన వాడకం, గడువు సంవత్సరం, రికార్డు నంబరు. ఉదాహరణకు వెనక జాగాకు "హ్యూస్టన్, రిజర్వ్ బి, అన్‌రిస్ట్రిక్టెడ్, గడువు లేదు, ప్లాట్ నంబరు ఇది" అని వస్తుంది. "రియల్టర్ చెప్పారు", "పక్కింటావిడ చెప్పింది" అన్న మాటలు ఏ గడిలోనూ ఉండకూడదు. రికార్డు నంబరు లేని గడి ఖాళీ గడితో సమానం.

తర్వాత ప్లాట్ ట్రాకర్‌లో మీ చుట్టుపక్కల దాఖలైన రీప్లాట్ అర్జీలు చూడండి. ప్లానింగ్ కమిషన్ రెండు వారాలకోసారి గురువారం కూర్చుంటుంది, అజెండా ముందే పెడతారు. నియమాలన్నీ పాటించిన ప్లాట్‌ను కమిషన్ కాదనలేదు, కాబట్టి "అభివృద్ధి మాకొద్దు" అన్న వాదన అక్కడ నడవదు. రీప్లాట్‌తో డీడ్ రిస్ట్రిక్షన్లను మార్చడం, తీసేయడం రాష్ట్ర చట్టం ప్రకారం కుదరదు. మీ దగ్గర ఆ రికార్డు నంబరు ఉంటే మాట్లాడాల్సింది దాని మీదే.

చివరగా కారు దిగి వీధంతా నడవండి. ఇళ్ల వీధిలో సెలూన్ బోర్డు, ఇన్సూరెన్స్ ఆఫీసు, నాలుగు యూనిట్లుగా విడగొట్టిన ఇల్లు కనిపిస్తున్నాయా? ఉల్లంఘనలు చాలాకాలం పేరుకుపోయి ఎవరూ అడగకపోతే, ఆ కట్టుబాటును జనమే వదిలేసుకున్నారని కోర్టులో వాదించే వీలుంది. కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా ఆ వీధిలో అది బలహీనమే.

కొన్నాక ఉల్లంఘన కనిపిస్తే

ముందు హెచ్‌ఓఏకు ఉత్తరం రాయండి, ఫోటో మీద తేదీ ఉండాలి. హెచ్‌ఓఏ లేకపోతే, ఉన్నా కదలకపోతే, హ్యూస్టన్ నగరంలో ఒక వింత సౌకర్యం ఉంది. ప్రైవేటు డీడ్ రిస్ట్రిక్షన్లను నగర న్యాయ విభాగమే మీ తరఫున అమలు చేయగలదు. వాడకం, సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ప్లాటు పరిమాణం, కట్టడాల రకం, సంఖ్య లాంటివాటికే ఇది. పెయింటు రంగు, గడ్డి ఎత్తు, బాస్కెట్‌బాల్ హూప్ లాంటివాటిని పట్టించుకోరు. ఫిర్యాదుతో పాటు డీడ్ రిస్ట్రిక్షన్ కాపీ, సంబంధిత పేరా నంబరు జతచేయండి. ఏ నగరంలోనూ చేరని ప్రాంతంలో నగరం రాదు, హారిస్ కౌంటీ అటార్నీ కార్యాలయాన్ని అడగాలి.

టెక్సస్‌లో డీడ్ రిస్ట్రిక్షన్ అమలు దావాకు గడువు నాలుగేళ్లు. పక్కవాళ్లతో మొహమాటం కొద్దీ పండగలు దాటేస్తూ పోతే ఐదో ఏట లాయరు కూడా ఏమీ చేయలేడు. అందుకే పునాది తవ్వుతున్నప్పుడే కదలండి. నగర పర్మిట్ దరఖాస్తులో డీడ్ రిస్ట్రిక్షన్ల గురించి కట్టేవాళ్లు సంతకం చేసిన డిక్లరేషన్ ఉంటుంది. ఆ కాపీ నగరం నుంచి తెప్పించుకుని, మీ దగ్గరున్న రికార్డు నంబరుతో పోల్చి చూసుకున్నాకే రియల్ ఎస్టేట్ లాయర్ దగ్గరకు వెళ్లండి.